నూనె క్యూలో చివరి మనిషి

మిగ్దాలియా ఎచార్తె మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడేసరికి, జొరైదా కింటానా కిటికీ వెలుతురులో ఒక గుండీకి నీలం గుడ్డ తొడుగుతోంది. వచ్చినావిడ ఏమీ చెప్పకుండానే ఏడుపు మొదలుపెట్టింది.

హవానాలో ప్రైవేటు డిటెక్టివు అనే వృత్తికి లైసెన్సు ఇవ్వరు. గుండీలకు గుడ్డ తొడగడానికి ఇస్తారు. అందుకని పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, ఒళ్ళు మండి మానేసిన జొరైదా గుమ్మం పక్కన గుండీల బోర్డు తగిలించుకుంది. వచ్చేవాళ్ళు ఎవరూ గుండీలు తెచ్చేవాళ్ళు కారు. పోలీసుల దగ్గరికి వెళ్ళలేనివాళ్ళు వచ్చేవాళ్ళు. కోడి పోయిందని పోలీసుకు చెబితే అసలు కోడి నీకు ఎక్కడిదని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"కూచో తల్లీ. ఒవిదియో, కాస్త కాఫీ ఇయ్యి," అంది జొరైదా.

ఒవిదియో పగలు సైకిల్ రిక్షా తొక్కుతాడు. రిక్షా కింద నిలిపి ఉన్నప్పుడల్లా ఈవిడకు సహాయకుడు. నలభై దాటిన మనిషి, ఆవిడ దగ్గినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్ముతాడు. సగం బఠానీ పొడి కలిసిన కాఫీని బొటనవేలంత కప్పులో పోసి మిగ్దాలియా చేతిలో పెట్టాడు.

"నా చేత ఊచలు లెక్కపెట్టిస్తారక్కా," అంది మిగ్దాలియా. "శనివారం నా కిటికీలో క్రోకెటాలు కొనుక్కుని తిన్న వాళ్ళందరూ పడిపోయారు. పెద్దవాళ్ళు వాంతులు చేసుకుని లేచారు. ఒస్మానీ కూతురు దైనేలిస్ మాత్రం లేవలేదు. ఏడేళ్ళ పిల్ల. ఆసుపత్రిలో ఒళ్ళంతా పసుపు పచ్చగా అయిపోయింది."

మిగ్దాలియా విధవ. సాన్ నికోలాస్ వీధిలో ఇంటి ముందు గది కిటికీనే కొట్టుగా చేసుకుని, మాంసం పిండిలో పొర్లించి నూనెలో వేయించిన క్రోకెటాలు అమ్ముకుంటుంది. ఆ కిటికీ మీద ఆమె, ముసలి తల్లి బతుకుతున్నారు.

"సరుకంతా ఎవరు తెస్తారు?"

మిగ్దాలియా కప్పులోకి చూసింది.

"సర్దుతాను," అంది.

మా ఊళ్ళో కొన్నాను అని ఎవరూ అనరు, సర్దాను అంటారు. సర్కారు కొట్లో ఉండదు, టోకున అమ్మేవాడు ఉండడు, లైసెన్సు మాత్రం గోడ మీద అద్దాల చట్రంలో ఉంటుంది. అంచేత సరుకు ఎడమ పక్క నుంచి, అంటే దొంగదారిన, వస్తుంది. ఎక్కడిదని అడగడం మర్యాద కాదు. ఎదుటివాడి లోపలి బట్టల గురించి అడిగినట్టు చూస్తారు.

"ఎవరెవరు సర్దుతారో చెప్పు. నేను పోలీసును కాను, గుండీల మనిషిని," అంది జొరైదా.

చెప్పింది. పిండీ, కీమా రిగోబెర్తో ఇస్తాడు. సర్కారు బేకరీలో గోదాము చూసే మనిషి. మసాలా పొడులు యుసిమీ అనే అమ్మాయి పనామా నుంచి సూట్‌కేసులో తెస్తుంది. నూనె ఒస్మానీ. అదే వీధి వాడు, పిల్ల తండ్రి. ఒకప్పుడు కరెంటు స్తంభాలెక్కే పని చేసేవాడు, జీతం సబ్బుకు కూడా చాలక మానేశాడు. ఇప్పుడు స్తంభమెక్కే పాత తోలు బెల్టుతో సైకిలుకు డబ్బాలు కట్టి సరుకులు మోస్తాడు.

"కూతురు పడిపోయిన వాడి మీద అనుమానం పెట్టకక్కా," అంది మిగ్దాలియా. "పిల్లంటే వాడికి ప్రాణం. నేనే పాపిష్టిదాన్ని. వాళ్ళ నాన్న ఈ వారం నా కిటికీ వైపు వెళ్ళొద్దన్నాడట, పళ్ళు పుచ్చుతాయని. పిల్ల పెరటి వైపు నుంచి వచ్చి అత్తా ఒక్కటి పెట్టవా అంది. ముఖం చూసి, విరిగిపోయినవన్నీ పొట్లం కట్టి ఇచ్చేశాను."

జొరైదా సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "మిగిలిన నూనె ఏదీ?"

"భయమేసి అంతా మోరీలో పోసేశాను. పిండి కూడా."

"బాగుంది," అంది జొరైదా. నేరం చేసిన వాడికి సహాయం చెయ్యడంలో అమాయకులను మించిన వాళ్ళు లేరని ఆవిడ తరచు అనే మాట. ఈసారి పైకి అనలేదు.

పిల్లల ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ నిద్రలేని కళ్ళతో మాట్లాడింది.

"కాలేయం దెబ్బ తింటోంది. ఏం తిందో తెలిస్తే నాకు సగం పని తగ్గుతుంది. తిండి చెడిపోయిందనుకుని ఒక దారిలో మందులు ఇస్తున్నాను. అది తప్పు దారయితే రేపటికి ఆలస్యమైపోతుంది."

"పరీక్ష చెయ్యలేరా?"

"ఆ పరీక్షకు కావలసిన ద్రావకాలు ఈ సంవత్సరం రాలేదు. పిల్ల తండ్రినీ, వచ్చిన వీధి వాళ్ళనూ అడిగాను. ఏమీ తెలియదని అందరూ తల్లి మీద ఒట్టేశారు. ఒట్లు పరీక్ష చేసే యంత్రం మా దగ్గర లేదు."

గది బయట బెంచీ మీద ఒస్మానీ తల పట్టుకుని కూచున్నాడు. బలమైన భుజాలు, మూడు రోజుల గడ్డం. జొరైదాను చూసి లేచి నిలబడ్డాడు.

"నూనె ఎక్కడ సర్దావు నాయనా?"

"సర్దడం కాదమ్మా, సాక్షాత్తూ కొట్లోనే. మంగళవారం బెలాస్కోయిన్ వీధి కొట్టుకు నూనె వచ్చింది. డబ్బా పట్టుకెళ్ళి పోయించుకొచ్చాను."

"విడి నూనేనా?"

"విడిదే. సీసాలెక్కడివి."

"క్యూ పెద్దదేనా?"

"వీధంతా జనమే. మధ్యాహ్నం దాకా ఉన్నాను. ఎవరు చివర అని అడిగితే నల్ల గొడుగు ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన వెనక నేను."

"నీ వెనక?"

ఒస్మానీ తడుముకోకుండా చెప్పాడు. "ఎవరూ రాలేదమ్మా. నేనే ఆఖరు."

జొరైదా అతని భుజం తట్టి, పిల్ల పడుకున్న గదిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చేసింది. పిల్ల ముఖం నిజంగానే పసుపు రాసినట్టుంది. మెట్లు దిగుతుంటే ఒవిదియో కళ్ళు తుడుచుకున్నాడు.

"పాపం, తండ్రిని చూస్తే కడుపు తరుక్కుపోతోంది మేడమ్."

"అతని మాటల్లో నాకేదో అతకడం లేదు. ఏమిటో ఇంకా తెలియడం లేదు," అంది జొరైదా.

రిగోబెర్తోను బేకరీ వెనక తలుపు దగ్గర పట్టుకున్నారు. ఒళ్ళంతా పిండి, వేలికి ఉంగరం.

"నా కీమాలో మాంసం తక్కువుంటుంది కామ్రేడ్, ఒప్పుకుంటాను. రొట్టె పొడి ఎక్కువ. కానీ రొట్టె పొడి తిని ఎవడూ చావలేదు. చస్తే ఈ దేశంలో సగం మంది స్కూల్లోనే పోయేవాళ్ళం. పోనీ, అదే పిండితో పొద్దున పేటంతా రొట్టె తిన్నది, ఎవరికైనా ఏమైనా అయిందా?"

"నువ్వు అమ్ముకున్న పిండికి పేటకు దక్కవలసిన రొట్టె ఎంత తగ్గిందో కూడా చెప్పు," అంది జొరైదా. అతను నవ్వి చేతులు దులుపుకున్నాడు. ఆ నవ్వు చూస్తే ఒవిదియోకు వాడి గూబ పగలగొట్టాలనిపించింది. కానీ చెప్పింది నిజమే.

యుసిమీ సూట్‌కేసు తెరిచి చూపించింది. మసాలా పొట్లాలన్నిటికీ కంపెనీ ముద్ర చెక్కుచెదరలేదు. ఒక పొట్లం చింపి, కాస్త నాలుక మీద వేసుకుని మింగింది.

"నేను ఎయిర్‌పోర్టులో లంచాలు ఇచ్చి తెచ్చేది కల్తీ సరుకు కోసమా ఆంటీ? కల్తీ కావాలంటే ఇక్కడే చౌకగా దొరుకుతుంది కదా," అంది.

అక్కడి నుంచి సాన్ నికోలాస్ వీధికి వచ్చారు. ఒవిదియో రిక్షా తొక్కుతూ ఎండను తిట్టాడు. పక్క వీధిలో ఒక మంగలి షాపులో ఫ్యాను తిరుగుతోంది. మిగ్దాలియా వీధిలో మాత్రం జనమంతా అరుగుల మీద అట్టముక్కలతో విసురుకుంటున్నారు.

"ఇక్కడ కరెంటు లేదా?" అని జొరైదా ఒక ముసలమ్మను అడిగింది. ఆవిడ పేరు యూమెలియా. డబ్బు తీసుకుని జనం తరఫున క్యూల్లో నిలబడడం ఆవిడ వృత్తి. వీధిలో అందరికీ మామ్మే.

"సోమవారం రాత్రి పోయింది, పోయిందే. కోత అనుకున్నాం. పక్క వీధికి వంతు ప్రకారం వస్తోంది, పోతోంది. మాకు రాలేదు. ఆ మూల ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయిందట. కొత్తది దేశంలో లేదట. ఫ్రిజ్‌లో కోడి కుళ్ళిపోయింది తల్లీ, ఎన్ని క్యూలు నిలబడి తెచ్చుకున్న కోడి." మామ్మ పీపాలోని ఒక బూడిద రంగు ముద్దను కర్రతో కెలికింది. "దానికి తోడు ఈ దరిద్రం. సబ్బు."

"సబ్బా?"

"మిగ్దాలియా మాడ్చిన నూనె నాకే ఇస్తుంది. కాస్టిక్ సోడా వేసి కాచి సబ్బు చేసి ఇంటింటికీ ఇస్తాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. శనివారం ఇచ్చిన నూనె మాత్రం సగమే గడ్డ కట్టింది. మిగతా సగం చూడు, పైన తేలుతూ వెక్కిరిస్తోంది. సోడా వాడు మోసం చేసి ఉంటాడు."

జొరైదా వంగి చూసింది. ముద్ద మీద నూనె తేటగా నిలబడి ఉంది. రెండు వేళ్ళ మధ్య రాసి వాసన చూసింది. వేళ్ళను అక్కడున్న గుడ్డకు తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"అదే సోడాతో ఇంకెవరైనా చేశారా?"

"మా చెల్లెలు చేసింది. దానికి రాయిలా వచ్చింది. దాని అదృష్టం."

"మామ్మా, మంగళవారం బెలాస్కోయిన్ కొట్టు దగ్గర నూనె క్యూలో నువ్వున్నావా?"

"లేకపోతే ఎవరుంటారు? ఆ రోజు కొట్టుకున్నారు కూడా. అందుకే గుర్తు." మామ్మకు హుషారు వచ్చింది. "ఎవడో అప్రాచ్యుడు, మొహం నేను చూళ్ళేదు, వచ్చి చివర ఎవరని అడిగి, నల్ల గొడుగు ఆయన వెనక వంతు పుచ్చుకున్నాడు. తరవాత మనిషి వచ్చేలోగా మాయమయ్యాడు. తన వెనక వంతు ఎవరికీ అప్పగించకుండా పోయాడమ్మా. నీకు తెలుసుగా, క్యూ అంటే ఏమిటి? మనం వరసగా నిలబడతామా? తలో నీడన కూచుంటాం. నా ముందెవరో నాకు, నా వెనకెవరో నాకు గుర్తుంటే అదే క్యూ. వాడు గొలుసు తెంపి పోయాడు. తరవాత వచ్చినామెతో గొడుగాయన, నా వెనక మనిషి ఉన్నాడు అంటాడు, ఆమె చూపించమంటుంది. చివరికి గొడుగు విరిగింది."

"తరవాత వాడు వచ్చాడా?"

"వస్తే బతికేవాడా."

జొరైదా వీధి మూల స్తంభం దగ్గరికి నడిచింది. ఒవిదియో వెనకే వెళ్ళాడు. స్తంభం మొదట్లో గడ్డి వాడి నల్లబడింది. పక్క గోడ మీదుగా కారిన జిడ్డు మరక, కింద నేల మీద ఏదో డబ్బా పెట్టి తీసినంత మేర గుండ్రంగా ఆగింది. పైన ట్రాన్స్‌ఫార్మర్ అడుగు బోల్టు ఒక్కటే తుప్పు గీసుకుపోయి కొత్తగా మెరుస్తోంది. స్తంభం చెక్క మీద పైదాకా తాజా గీతలు.

"తోలు బెల్టు గీతలు," అన్నాడు ఒవిదియో నెమ్మదిగా. "మేడమ్, నాకు అర్థమైంది నిజం కాకూడదనిపిస్తోంది."

"వెళ్ళి అందర్నీ మిగ్దాలియా వంటింటికి తీసుకురా. ఒస్మానీని పిల్ల గురించే మాట్లాడాలని చెప్పి తీసుకురా. అబద్ధం కాదు."

సాయంత్రానికి వంటింట్లో అందరూ చేరారు. ఆరిన పొయ్యి పక్కన మిగ్దాలియా, గోడకానుకుని రిగోబెర్తో, బియ్యం డబ్బా మీద యుసిమీ, గుమ్మంలో మామ్మ. ఒస్మానీ కూచోలేదు. బల్ల మీద జొరైదా సబ్బు పీపా పెట్టించింది.

"మీలో ఎవరికీ ఎవరి సరుకు ఎక్కడిదో తెలియదు," అంది. "తెలుసుకోకపోవడం మీ వ్యాపారం. నేను ఆ పని చేశాను, నా చేతులు ఇంకా కంపు కొడుతున్నాయి. పిండితో పేటంతా రొట్టె తిన్నది, ఏమీ కాలేదు. మసాలా ముద్రలు సరిగ్గా ఉన్నాయి, యుసిమీ నా ముందే మింగింది. మిగిలింది నూనె. మిగ్దాలియా పారబోసింది కానీ, మామ్మ పీపాలో కొంచెం మిగిలిపోయింది. గింజల నూనెగానీ పందికొవ్వుగానీ సోడాలో కాస్తే సబ్బవుతుంది. సబ్బు కానిది తినే నూనె కాదు. అది యంత్రాల నూనె. ఇందులో సగం అదే."

మామ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నూనె ఒస్మానీ తెచ్చాడు. కొట్లో క్యూ నిలబడి తెచ్చానన్నాడు. తెలివైనవాడు. ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారని నిజంగానే క్యూ దాకా వెళ్ళి, చివర ఎవరని అడిగి, నల్ల గొడుగును గుర్తుపెట్టుకుని వచ్చాడు. ముందున్న మనిషి ఎవరో తెలిస్తే చాలనుకున్నాడు. నీ వెనక ఎవరు అని అడిగితే ఎవరూ రాలేదన్నాడు. నూనె వచ్చిన రోజున హవానాలో ఎవడైనా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చివరి మనిషిగా ఉండగలడా? చివర ఉన్నవాడికి వెనక మనిషి వచ్చేదాకా అక్కడి నుంచి కదిలే హక్కు లేదు. కదిలాడు కాబట్టే గొడవైంది, గొడుగు విరిగింది. అక్కడే ఉన్నవాడికి ఆ గొడవ తెలియకుండా ఉండదు."

"అమ్మా, నేను కాఫీకి పక్కకెళ్ళి ఉంటాను," అన్నాడు ఒస్మానీ.

"సోమవారం రాత్రి కూడా కాఫీకే వెళ్ళావా? స్తంభమెక్కి? కింద డబ్బా పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె దించావు. అది ఎండి మాడిపోయింది. ఈ వీధికి చీకటి. ఆ నూనెలో సగం మంచి నూనె కలిపి మిగ్దాలియాకు ఇచ్చావు. ఈ వీధి జనం తమ కరెంటును తామే వేయించుకుని తిన్నారు."

రిగోబెర్తో ఛీ అని నేల మీద ఉమ్మాడు. జొరైదా అతని వైపు తిరిగింది.

"నువ్వు ఉమ్మకు. నీ వంతు ఇంకో రోజు."

"అందరూ చేస్తారు," అన్నాడు ఒస్మానీ. "వేడికి విషం విరిగిపోతుందన్నారు. ఎవరికీ ఏమీ కాదన్నారు."

"ఏమీ కాదని నువ్వు నమ్మలేదు. నమ్మితే నీ పిల్లను ఈ వారం కిటికీ వైపు వెళ్ళొద్దని ఎందుకన్నావు? పళ్ళు పుచ్చుతాయన్నావట. క్రోకెటాలు తిని పళ్ళు పుచ్చిన పిల్లను నేను చూడలేదు. ఎదురింటి పిల్లలు తినొచ్చు, నీ పిల్ల తినకూడదు. నాకు నేరస్థుల మీద అసహ్యం ఎప్పుడో పోయింది ఒస్మానీ, అలవాటైపోయారు. నీ విషయంలో తిరిగొచ్చింది. డాక్టరమ్మ పక్కనే కూచున్నావు. ఏం తిందో చెబితే చాలు అని ఆవిడ అడుగుతుంటే తల్లి మీద ఒట్టేశావు."

ఒస్మానీ గోడ మీదుగా జారి నేల మీద కూచున్నాడు.

"చెబితే ఇరవై ఏళ్ళు వేస్తారమ్మా. పిల్ల అదే తేరుకుంటుందనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను."

మిగ్దాలియా పొయ్యి వైపు తిరిగి నిలబడింది. జొరైదా అతని ముందు గొంతుక్కూచుంది. గొంతు తగ్గించి, దాదాపు మామూలుగా మాట్లాడింది.

"క్యూలో నీ వెనక ఎవరూ రాలేదన్నావు కదూ. వచ్చారు. నువ్వు వదిలేసి వచ్చిన చోట, నీ వెనకాలే వంతు పుచ్చుకుంది. పెరటి వైపు నుంచి వచ్చింది. నీ కూతురు."

అతను లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. బయటికి వెళ్ళి ఒవిదియో రిక్షాలో కూచుని, ఆసుపత్రికి పోనియ్యమన్నాడు. దారంతా అతను ట్రాన్స్‌ఫార్మర్ నూనె, ట్రాన్స్‌ఫార్మర్ నూనె అని, మరిచిపోతానేమోనన్నట్టు గొణుక్కుంటూనే ఉన్నాడని ఒవిదియో తరవాత చెప్పాడు. డాక్టరమ్మ విని, తిట్టడానికి కూడా ఆగకుండా లోపలికి పరుగెత్తిందట.

పిల్ల బతికింది. లేచి కూచోవడానికి చాలా రోజులు పట్టింది. లేచిన రోజున నాన్న ఏడని అడిగింది, క్యూలో ఉన్నాడని వాళ్ళమ్మ చెప్పింది. ఒస్మానీ ఆసుపత్రి నుంచి తిన్నగా స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ నూనె ఎవరికి ఇచ్చావంటే మోరీలో పోశానన్నాడు, మిగ్దాలియా పేరు చెప్పలేదు. అతనిలో అదొక్కటే నాకు నచ్చిన సంగతి. వీధిలో మాత్రం ఇంకా చీకటే.

ఒక మధ్యాహ్నం మిగ్దాలియా మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కిటికీ తెరిచానని, బేరం బాగానే ఉందని చెప్పి, సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. నిండుగా, పచ్చగా, మూత దాకా నూనె.

"నీ రుణం ఇలా తీర్చుకుంటున్నానక్కా. కాదనకు."

ఒవిదియో సీసా వైపు ఆశగా చూశాడు. నెల రోజులుగా ఆ ఇంట్లో పోపు అనేది లేదు. జొరైదా సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఎక్కడిది?" అంది.

మిగ్దాలియా ముఖం ఎర్రబడింది. చర్రుమని ఏదో అనబోయి ఆగింది. కిటికీలోంచి వీధి వైపు చూసింది.

"అలా అడక్కూడదక్కా," అంది చివరికి.

జొరైదా సీసాను తిరిగి సంచిలో పెట్టి, సంచి ఆవిడ చేతికి ఇచ్చి, గుండీ అందుకుంది. ఆ పూట ఆవిడా ఒవిదియో కర్రపెండలం ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నారు.